ఒకటో తారీఖు నుంచి పన్నెండు వేలంటే ఇవ్వాల్సిందేనా?

ప్రశ్న: అమలాపురంలో గడియార స్తంభం దగ్గర ఒక సందులో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నానండి. మగ్గం వర్కు కూడా చేస్తాం. నాతోపాటు ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు. గది తీసుకుని ఆరేళ్లయింది. మొదట్లో అద్దె ఆరు వేలు, రెండేళ్ల కిందట ఏడున్నర వేలు చేశారు. ఓనరు గారు హైదరాబాదులో ఉంటారు. నెలనెలా ఆయన బావమరిది గారు వచ్చి డబ్బు పట్టుకెళ్తారు, రసీదు ఇవ్వరు. చేరినప్పుడు వంద రూపాయల స్టాంపు పేపరు మీద మూడేళ్లకి అగ్రిమెంటు రాసుకున్నాం. రిజిస్టరు చేయించలేదు, ఆ గడువు కూడా ఎప్పుడో దాటిపోయింది. అడ్వాన్సు నలభై వేలు ఇచ్చాను. కింద టైల్స్, పైన సీలింగు, ట్రయల్ రూము అన్నీ అరవై వేలు పెట్టి నేనే చేయించుకున్నాను. మొన్న బావమరిది గారు వచ్చి, "జిల్లా కేంద్రం అయ్యాక రేట్లు ఎలా ఉన్నాయో మీకు తెలీదా? ఒకటో తారీఖు నుంచి పన్నెండు వేలు. కుదరకపోతే ఖాళీ చేసెయ్యండి, లేదంటే తాళం వేసేస్తాం" అని చెప్పి వెళ్లిపోయారు. ఏడాదికి పది శాతం మించి పెంచకూడదని చట్టం ఉందని పక్క షాపాయన అంటున్నారు. తగ్గించేదాకా అద్దె ఆపెయ్యమని మా అన్నయ్య అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ముందు మీ అన్నయ్య గారి సలహా పక్కన పెట్టండమ్మా. అద్దె ఆపకండి. ప్రతి నెలా ఏ తారీఖుకి ఇస్తున్నారో, ఈసారి అంతకంటే ఒకరోజు ముందే ఏడున్నర వేలూ కట్టెయ్యండి. గెలవాల్సిన తగాదాని అద్దెదారు చేజేతులా పాడు చేసుకునేది ఎక్కువగా ఇక్కడే. కోపం వచ్చి రెండు మూడు నెలలు అద్దె ఆపుతారు. అప్పటిదాకా "అడ్డగోలుగా పెంచేశారు" అన్న మాట మీ వైపు ఉంటుంది. ఆపిన నెల నుంచి "అద్దె ఎగ్గొట్టారు" అన్న మాట ఆయన వైపు చేరుతుంది. రేపు ఏ మెట్టెక్కినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: బాకీ ఉందా, లేదా? "అడ్వాన్సు నలభై వేలు ఆయన దగ్గరే ఉంది కదా, అందులో విరగ్గోసుకుంటాడులే" అని కూడా అనుకోకండి. ఆయన ఒప్పుకుని రాసిస్తే తప్ప అడ్వాన్సు అడ్వాన్సే, అద్దె అద్దే.

ఇక అసలు సంగతి. ఆయన పన్నెండు వేలన్నంత మాత్రాన మీరు ఇవ్వాల్సిన పని లేదు. అద్దె ఇద్దరూ ఒప్పుకుంటే నిలబడే అంకె. ఒక మనిషి గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్తే మారిపోదు. మీరు సరేననేదాకా మీ అద్దె ఏడున్నర వేలే. కానీ దీనితో సంబరపడిపోకండి. పెంచే హక్కు ఆయన ఒక్కడికే లేకపోయినా, ఈ అద్దె ఏర్పాటునే ముగించే హక్కు మాత్రం ఆయనకుంది. "పెంపు ఇష్టం లేకపోతే గది నాకు అప్పజెప్పండి" అని పద్ధతిగా నోటీసు ఇవ్వొచ్చు. మీరు కదలకపోతే కోర్టుకెళ్లొచ్చు. అంటే మీ ఒప్పుదల లేకుండా అద్దె పెరగదు, కోర్టు చెప్పకుండా మిమ్మల్ని బయటికి పంపడం కుదరదు. చట్టం మీకిచ్చేది ఈ రెండే. ఆ రెండూ కలిపితే మీకు చిక్కేది కొంత వ్యవధి. ఒకటో తారీఖన్న భయంతో పన్నెండు వేలకి తలూపడానికీ, చేతిలో కొన్ని నెలలు ఉన్నాయన్న ధీమాతో కూర్చుని మాట్లాడటానికీ తేడా ఉంది. నేను చెప్పబోయేదంతా ఆ వ్యవధిని ఎలా వాడుకోవాలన్నదే.

మీ స్టాంపు పేపరు సంగతి చూద్దాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను ప్రకారం ఏడాదికి మించిన లీజు ఏదైనా రిజిస్టరు అయి తీరాలి. మన ఊళ్లలో డాక్యుమెంటు రైటర్లు అందరికీ పదకొండు నెలల అగ్రిమెంటు రాసి చేతిలో పెట్టేది ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించడానికే. మీది మూడేళ్లకి రాసి రిజిస్టరు చేయించలేదు కాబట్టి, "మూడేళ్లు" అన్న మాటకి అప్పుడే బలం లేదు. ఇప్పుడు గడువు కూడా పోయింది. అయినా ఆ కాగితం పారెయ్యకండి. మీరు దౌర్జన్యంగా వచ్చి కూర్చున్నవారు కాదు, అద్దెదారుగా గదిలోకి వచ్చారు అనడానికి అది పనికొస్తుంది. గడువు దాటాక కూడా ఆయన మూడేళ్లుగా నెలనెలా అద్దె తీసుకుంటూనే ఉన్నారు. దాంతో మీరు చట్టం దృష్టిలో నెలవారీ అద్దెదారు అయ్యారు. "అగ్రిమెంటు అయిపోయింది, ఇంక నీకు ఏ హక్కూ లేదు" అని ఆ బావమరిది గారు ఈసారి అంటే, అది తప్పు.

నెలవారీ అద్దెని ముగించాలంటే అదే చట్టంలో 106వ సెక్షను ఉంది. కనీసం పదిహేను రోజుల గడువుతో రాతపూర్వకంగా, సంతకంతో నోటీసు ఇవ్వాలి. పోస్టులో పంపొచ్చు, మీ చేతికి ఇవ్వొచ్చు, మీ ఇంట్లోవాళ్లకి ఇవ్వొచ్చు, అవేవీ కుదరకపోతే గది తలుపుకి అంటించొచ్చు. మొన్న నోటితో చెప్పి వెళ్లింది నోటీసు కాదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టినా కాదు. కాబట్టి ఈ రోజుకి మీ మీద ఏ గడియారమూ నడవటం లేదు. రేపు పోస్టులో లాయరు నోటీసు వస్తే మాత్రం నడవటం మొదలవుతుంది. అది వస్తే తీసుకోండి. "తీసుకోకపోతే అందనట్టే" అని పోస్టుమ్యాన్‌ని వెనక్కి పంపడం మన వైపు చాలామందికి అలవాటు. సరైన చిరునామాకి వచ్చిన కవరుని కాదంటే అందినట్టే లెక్కేస్తారు. పైగా అందులో ఏముందో తెలియకుండా పోతుంది.

పక్క షాపాయన చెప్పిన పది శాతం గురించి. అలాంటి చట్టం లేదమ్మా. ఏటా అయిదో పదో పెంచడం వాడుక, అంతే. ఆ అంకె మీ ఇద్దరి కాగితంలో ఉంటే బలం, లేకపోతే అది బజారు మర్యాద. ఇంకో మాట కూడా మీ ఫోనుకి వచ్చే ఉంటుంది: "కేంద్రం కొత్త అద్దె చట్టం తెచ్చింది, పెంచాలంటే మూడు నెలల ముందు చెప్పాలి, ఇంటికి రెండు నెలలు, షాపుకి ఆరు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదు" అని. అది 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టం. రాష్ట్రాలు చూసి తమ చట్టాలు రాసుకోవడానికి ఇచ్చిన మాదిరి. దానంతట అది అమలాపురంలో గది మీద పనిచెయ్యదు. బేరంలో "కేంద్రం వాళ్లు కూడా మూడు నెలలు సబబని అన్నారండీ" అని ఒక మాట వాడుకోవచ్చు, అంతవరకే.

మన రాష్ట్రం సంగతంటారా, 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టంలో న్యాయమైన అద్దె ఎంతో తేల్చమని రెంట్ కంట్రోలర్‌ని అడిగే దారి ఉండేది. పాతతరం వాళ్లు "రెంట్ కంట్రోల్లో వేస్తా జాగ్రత్త" అని బెదిరించుకునేది దాన్ని చూసుకునే. 2017లో రాష్ట్రం ఇళ్లకీ షాపులకీ కలిపి వేరే చట్టం చేసింది. దాని నడక వేరు. అద్దె ఏర్పాటు కాగితం మీద ఉండాలంటుంది, పెంపు ఎలా అన్నది ఆ కాగితానికే వదిలేస్తుంది. పాత అద్దెలకి ఎవరో వచ్చి కళ్లెం వేస్తారన్న ఆశ పెట్టుకోకుండా, కాగితం సంపాదించే పని మీద ఉండండి.

ఇంకొకటి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెవిలో వేస్తారు: "పన్నెండేళ్లు ఉంటే గది నీదే." అద్దె కట్టి ఉన్నవాళ్లకి పన్నెండేళ్లయినా, ముప్ఫై ఏళ్లయినా గది సొంతం కాదు. ఓనరు అనుమతితో ఉన్నారు కాబట్టే అద్దెదారు అయ్యారు. ఈ మాట నమ్మి కొందరు అద్దె కట్టడం మానేసి, ఓనరుతో ముఖం చెడగొట్టుకుని, ఆఖరికి ఖర్చులతో సహా గది వదులుకున్నారు. అసలు చాలామంది ఓనర్లు ఏళ్లు గడిచేకొద్దీ అద్దెదారుని మార్చెయ్యాలని చూసేది కూడా ఈ పుకారు వాళ్ల చెవిన పడే.

ఇప్పుడు మీ కేసులో అన్నిటికంటే బలహీనమైన చోటుకి వస్తాను. ఆరేళ్లుగా నోట్లు లెక్కపెట్టి చేతికిచ్చారు, రసీదు లేదు. రేపు బావమరిది గారు "ఆర్నెల్ల నుంచి ఒక్క రూపాయి ఇవ్వలేదు" అంటే మీ దగ్గర ఏముంది? షాపులో లెక్కల పుస్తకం ఉండే ఉంటుంది. జాకెట్ల కొలతలు రాసుకునే ఆ పొడుగు పుస్తకంలోనైనా ఏ నెల ఎంత ఇచ్చారో రాసి ఉంటే ఆ పేజీలు జాగ్రత్త చెయ్యండి. బ్యాంకులోంచి ప్రతి నెలా అదే తారీఖుకి డబ్బు తీసిన స్టేట్‌మెంటు ఉంటే ఇంకా మంచిది. "అద్దెకి రెడీగా పెట్టాను, రండి" అని మీరు పంపిన మెసేజులు, ఆయన "వస్తున్నా" అన్న జవాబులు చెరిపెయ్యకండి. ఇవన్నీ పాతవాటికి అతుకులు. ఈ నెల నుంచి మాత్రం నగదు వద్దు. ఓనరు గారికే ఫోన్ చేసి, "రసీదుల గొడవ లేకుండా మీ ఖాతాకే వేసేస్తానండీ" అని నంబరు అడగండి. ఫోన్‌పే చేసినా సరే, కింద నోట్ అనే చోట "షాపు గది అద్దె, ఫలానా నెల" అని రాయండి. ఆయన నంబరు ఇవ్వకపోతే, లేదా వేసిన డబ్బు తిప్పి పంపేస్తే, ఆయన పేరు మీద డీడీ తీసి స్పీడ్ పోస్టులో పంపండి. తిరిగొస్తే కవరు చింపకుండా అలాగే దాచండి. మీరు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, ఆయనే తీసుకోలేదు అని ఆ మూసిన కవరు చెప్తుంది.

దాంతోపాటు ఒక ఉత్తరం. పెద్ద లాయరు భాష అక్కర్లేదు. ఇలా రాయండి:

"గౌరవనీయులైన ఓనరు గారికి నమస్కారం. అమలాపురంలో మీ గదిలో ఆరేళ్లుగా అద్దెకుంటున్నాను. ప్రస్తుతం నెలకి రూ. 7,500 చొప్పున ప్రతి నెలా చెల్లిస్తున్నాను, ఈ రోజుకి బాకీ లేదు. అడ్వాన్సు రూ. 40,000 మీ దగ్గర ఉంది. ఫలానా తారీఖున మీ బావమరిది గారు వచ్చి వచ్చే నెల నుంచి అద్దె రూ. 12,000 అన్నారు. ఆ పెంపుకి నేను ఒప్పుకోలేదు. సబబైన పెంపు గురించి మీతో నేరుగా మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాను. అప్పటివరకు ఇప్పటి అద్దెనే మీ ఖాతాకి పంపుతుంటాను. నా వ్యాపారానికి, సామానుకి ఇబ్బంది కలిగించవద్దని కోరుతున్నాను."

ఇంతే. ఎక్కడా నిష్ఠూరం లేదు చూడండి. ఈ ఉత్తరం ఆయన చదవడానికే కాదు, రేపు మూడో మనిషి చదవడానికి కూడా. అప్పుడు మీరు మర్యాదస్తులుగా కనిపించాలి. తారీఖు వేసి, సంతకం చేసి, జిరాక్సు ఉంచుకుని పంపండి. రిజిస్టరు పోస్టు కోసం వెతక్కండి, 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో "రిజిస్ట్రేషను, డెలివరీ ప్రూఫు కావాలి" అని అడిగితే వేసిస్తారు. ఆ రసీదు మీద సిరా నాలుగు నెలల్లో వెలిసిపోతుంది, ఫోటో తీసి పెట్టుకోండి.

తాళం వేస్తామన్న బెదిరింపు గురించి కంగారు పడకండి, అలాగని తేలిగ్గా కూడా తీసుకోకండి. గది ఆయనదే అయినా మీరు అద్దెదారుగా ఉన్నంతకాలం మీ తాళం మీద తాళం వేసే హక్కు ఆయనకి లేదు. సామాను బయట పెట్టకూడదు, కరెంటు పీకెయ్యకూడదు. ఖాళీ చేయించాలంటే ఒకటే దారి, కోర్టు ఉత్తర్వు. మాటలు ముదురుతున్నాయనిపిస్తే ముందుగానే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ ఆర్డరుకి, అంటే అలాంటి పని చెయ్యకుండా ఆపే ఉత్తర్వుకి వెయ్యొచ్చు. ఒకవేళ నిజంగానే ఓ పొద్దున్న మీరు వచ్చేసరికి వేరే తాళం కనిపిస్తే, పగలగొట్టకండి. ఫోటో తియ్యండి, పక్క షాపులవాళ్లకి చూపించండి, లోపల కస్టమర్ల చీరలు, పట్టు జాకెట్లు, మిషన్లు ఏమేం ఉన్నాయో జాబితా రాసి పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పోలీసులు అద్దె ఎంతో తేల్చలేరు, తేల్చబోతే ఒప్పుకోకండి కూడా. బలవంతంగా వెళ్లగొట్టడం మాత్రం వాళ్లు పట్టించుకోవాల్సిన విషయమే. ఆ తర్వాత ఆలస్యం చెయ్యకూడదు. చట్టప్రకారం కాకుండా మిమ్మల్ని బయటికి పంపేస్తే, తిరిగి లోపలికి ప్రవేశం కోరుతూ 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద దావా వెయ్యొచ్చు. దానికి గడువు ఆరు నెలలే. ఆ దావాలో గది ఎవరిదన్న ప్రశ్నే రాదు, మిమ్మల్ని ఎలా బయటికి పంపారన్నదే చూస్తారు.

కరెంటు మీటరు ఆయన పేరు మీద ఉండే ఉంటుంది. బిల్లు మీరు కడుతున్నట్టయితే ఆ యాప్‌లో చెల్లింపులన్నీ సేవ్ చేసుకోండి, అవి కూడా మీరు గదిలో ఉన్నారనడానికి సాక్ష్యమే. కరెంటు కనీస అవసరమని, ఓనరు ఒప్పుకోలేదన్న ఒక్క కారణంతో అద్దెదారుకి కనెక్షను కాదనకూడదని 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. మిషన్లు ఆగిపోతే మీకు రోజు గడవదు కాబట్టి, ఇది మీ లాయరుకి గుర్తుచెయ్యాల్సిన మాట.

సరే, పద్ధతిగా నోటీసు వచ్చింది, పదిహేను రోజులూ అయిపోయాయి అనుకుందాం. అప్పుడు మీరు వెంటనే రోడ్డు మీద పడరు. ఆయన దావా వెయ్యాలి, మీరు జవాబు వెయ్యాలి, అది కొంతకాలం నడుస్తుంది. ఇక్కడే కొందరు లాయర్లు "ఏళ్లు లాగుదాం" అంటారు. నాకు ఆ సలహా నచ్చదు. నోటీసు గడువు దాటిన తర్వాత మీరున్న కాలానికి పాత అద్దె కాదు, ఆ చుట్టుపక్కల నడిచే రేటు లెక్కన నష్టపరిహారం ఇవ్వమని కోర్టు చెప్పొచ్చు. ఆ సందులో రేటు నిజంగానే పదకొండు వేలుందని ఆయన రుజువు చేస్తే, ఆ తేడా నెలలకి నెలలు పోగై చివర్లో ఒక్కసారి మీద పడుతుంది. ఇల్లయితే వేరు. మీది వ్యాపారం. కోర్టు వాయిదాలకి తిరిగే రోజున కత్తెర ఎవరు పట్టుకుంటారు? గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లొద్దు.

కాబట్టి బేరం. ముందు మీ సందులో మీ గదిలాంటి గదులు ఎంతకి నడుస్తున్నాయో మీరే తిరిగి కనుక్కోండి. కొలత చూడండి, కింద గదా పైగదా, బాత్రూము ఉందా, వానొస్తే సందులో నీళ్లు నిలుస్తాయా అన్నవి చూడండి. ఆ బావమరిది గారు చెప్పే పన్నెండు వేలు బహుశా మెయిన్ రోడ్డు మీద గది రేటు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం జిల్లా కేంద్రం అయ్యాక కలెక్టరేటు, ఆఫీసులు, వాటి సిబ్బంది వచ్చిన మాట నిజమే. కానీ ఆ గిరాకీ ముందు ఇళ్ల మీద, పెద్ద రోడ్ల మీద పడుతుంది. సందులో ఉన్న ప్రతి గదికీ అదే రేటు రాదు. కనుక్కున్నాక తొమ్మిది వేలే నడుస్తోందని తేలితే ధైర్యంగా మాట్లాడొచ్చు. పదకొండు, పన్నెండు నడుస్తోందని తేలితే అదీ తెలుసుకోవాల్సిందే, అప్పుడు వేరే గది చూసుకోవడం కూడా లెక్కలోకి తీసుకోండి. ఏడున్నర నుంచి పన్నెండు అంటే ఒక్కసారిగా అరవై శాతం, ఏడాదికి యాభై నాలుగు వేలు అదనం. మీ కుట్టుకూలిలో అది ఎన్ని లైనింగు జాకెట్లో మీకే బాగా తెలుసు.

మాట్లాడేది ఓనరు గారితోనే. మధ్యలో మనిషి చెప్పే అంకెలో ఆయన దర్జా కూడా కొంత కలిసి ఉంటుంది. హైదరాబాదులో ఉన్నా సంక్రాంతికి ఎలాగూ ఊరొస్తారు, అంతవరకు ఆగేలా లేకపోతే ఫోనులోనైనా తీరిగ్గా మాట్లాడండి. "పెంచొద్దు" అని మొదలుపెట్టకండి. రెండేళ్లుగా పెంచలేదు కాబట్టి ఆయన అడగడంలో కొంత న్యాయం ఉంది, దాన్ని ఒప్పుకుంటే అవతలి మనిషి గొంతు దిగుతుంది. నేనైతే తొమ్మిది వేలతో మొదలుపెట్టి, తొమ్మిదిన్నర దగ్గర ఆగేలా చూస్తాను. ఆ తర్వాత ఏటా అయిదు శాతం చొప్పున, మూడేళ్లకి రిజిస్టరు లీజు. ఆయన వైపు కష్టాలు కూడా మనసులో పెట్టుకోండి. మీరు ఖాళీ చేస్తే నలభై వేలు తిరిగివ్వాలి, రంగులు వేయించాలి, కొత్త మనిషి దొరికేదాకా గది ఊరికే ఉంటుంది. ఆషాఢంలోనో మూఢంలోనో ఖాళీ అయిందంటే మన వైపు ఎవరూ షాపు తెరవరు, మంచిరోజులొచ్చేదాకా ఆయనకి అద్దె రాదు. ఆరేళ్లు నెల తప్పకుండా కట్టిన మనిషి దొరకడం ఓనరుకి చిన్న విషయం కాదు. మీరు దాన్ని గట్టిగా చెప్పక్కర్లేదు, ఆయనకి తెలిసేలా మాట్లాడితే చాలు.

తెగకపోతే కనీసం కాలం అడగండి. మీకు శ్రావణం నుంచి దసరా దాకా, మళ్లీ మాఘం పెళ్లిళ్లకి ఊపిరాడదు. ఆ సీజను మధ్యలో షాపు మారిస్తే ఇచ్చిన బట్టలు ఎక్కడికి వెళ్లి తీసుకోవాలో కస్టమర్లకి తెలియక సగం మంది పోతారు. "ఈ సీజను అయ్యేదాకా తొమ్మిది వేలిస్తాను, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నా అది మంచి బేరమే. ఏది ఒప్పుకున్నా అదే రోజు మెసేజులో రాసి పంపి, "సరే" అనిపించుకోండి.

అరవై వేల మరమ్మతుల గురించి ఆశ పెంచి పంపడం నాకిష్టం లేదు. గది కారిపోతుంటే, ఓనరు బాగుచెయ్యాల్సిన బాధ్యత ఉండి, మీరు చెప్పినా చెయ్యకపోతే, మీరు చేయించి అద్దెలో మినహాయించుకునే వీలు చట్టంలో ఉంది. మీరు చేయించినవి మాత్రం అలంకారానికి, వ్యాపారానికి. అవి తిరిగివ్వాలని ముందే రాసుకోకపోతే డబ్బు అడగలేరు. కానీ మీరు బిగించిన వస్తువుల్ని, గదికి దెబ్బ తగలకుండా, ఖాళీ చేసేలోపు విప్పి తీసుకెళ్లొచ్చు. ట్రయల్ రూము చెక్కలు, అద్దం, ఫ్యాన్లు, లైట్లు, సీలింగు పలకలు మీవే. టైల్స్ అక్కడే ఉండిపోతాయి. బేరంలో ఆ టైల్స్ మాట తప్పకుండా ఎత్తండి. వట్టి సిమెంటు నేలతో ఇచ్చిన గదికి మీరే వెల పెంచారు.

కొత్త కాగితం దాకా వస్తే ఈసారి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోనే. ఖర్చు చెరిసగం అనండి, ఒప్పుకోకపోతే మీరే పెట్టుకోండి, మూడేళ్ల నిద్రకి అది ఎక్కువ కాదు. అందులో అద్దె అంకె, ఏ నెల నుంచి ఎంత పెరుగుతుందన్నది, ఏ ఖాతాకి వెయ్యాలన్నది, అడ్వాన్సు నలభై వేలు ఖాళీ చేసిన రోజే తిరిగివ్వాలన్నది, ఖాళీ చెయ్యాలంటే ఇద్దరిలో ఎవరైనా మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలన్నది ఉండాలి. "ఓనరు కోరినప్పుడు ఖాళీ చేసెదను" అన్న వాక్యం రైటర్లు అలవాటుగా రాసేస్తుంటారు. అది కనిపిస్తే కొట్టేయించాకే సంతకం పెట్టండి.

లాయరు ఫీజు గురించి భయపడుతున్నారేమో. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. అమలాపురం కోర్టు ఆవరణకి వెళ్లి న్యాయ సేవల కమిటీ ఎక్కడని అడగండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. దావా వెయ్యకుండానే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదర్చమని అక్కడ అర్జీ పెట్టొచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు తీర్పుతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి అంకె మీకు నిజంగా సరిపోతుందనుకుంటేనే సంతకం చెయ్యండి.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక్క మాట. మున్సిపాలిటీ కాంప్లెక్సులో గదులు, దేవస్థానం గదులు తీసుకున్నవాళ్లకి వేలం పాటలు, వాటి నిబంధనలు వేరు, పైన చెప్పింది వాళ్లకి అలాగే వర్తించదు. చేల కౌలు, చేపల చెరువుల లీజు సంగతి కూడా పూర్తిగా వేరు. ఇళ్లలో అద్దెకున్నవాళ్లకి మాత్రం నోటీసు, తాళం, రసీదుల విషయంలో ఇదే లెక్క.

ఇంత చేసినా కుదరక ఖాళీ చెయ్యాల్సి వస్తే, తాళంచెవి ఉత్తినే బావమరిది గారి చేతిలో పెట్టకండి. ఒక తెల్లకాగితం మీద "ఫలానా తారీఖున గది స్వాధీనం చేశాను, అద్దె, కరెంటు బాకీ లేదు, అడ్వాన్సు రూ. 40,000 నాకు తిరిగి ముట్టింది" అని రాసి, ఓనరు గారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. డబ్బు ఖాతాలో పడిన మెసేజు చూసుకుని, అప్పుడు చెవి ఇవ్వండి.